చుక్క తర్వాత మూడో అంకె

ఎనభైల నడుమ, హోసూరులో నేను పనిచేసే ఫ్యాక్టరీకి కంప్యూటర్ వచ్చింది. మేం తయారుచేసే షాఫ్టుల, అంటే యంత్రాల్లో తిరిగే ఇనుప కడ్డీల, మందం కొలతలు అందులోకి ఎక్కించి, రోజూ షీటు అచ్చు తీసి ఇవ్వడం నా పని. కృష్ణగిరి నుంచి తొలి బస్సులో నిలబడి వచ్చే నాకు ఆ ఏసీ గదిలో కుర్చీ దొరకడం చిన్న సంగతి కాదు. ప్రోగ్రాం కూడా నేనే రాశాను.

బేసిక్ భాషలో దశాంశ చుక్క తర్వాత ఎన్ని హాష్ (#) గుర్తులు పెడితే అన్ని అంకెలు అచ్చవుతాయి. నేను మూడు పెట్టాను. మా సెక్షన్ హెడ్ మొహం చిట్లించాడు.

"ఇంత తోక ఎందుకమ్మా? రెండు చాలు."

"సార్, మందం 24.99 మిల్లీమీటర్లకు తగ్గితే షాఫ్టు పనికిరాదు కదా. రెండే పెడితే 24.986 కూడా 24.99 అని కనపడతాది."

"చెప్పింది చెయ్యమ్మా. నీకంటే ముందు నుంచీ ఈడ ఉండాను."

ఆ షీటు మీదే ఎర్ర సిరాతో 'రెండు చాలు' అని రాసి సంతకం పెట్టాడు. నేను ఒక హాష్ తీసేశాను. పక్కన పడేసే షాఫ్టులు తగ్గిపోయాయి, ఆయనకు మెప్పు వచ్చింది. ఎనిమిది నెలలకు కొన్నవాళ్ళు షాఫ్టులు సన్నగా ఉన్నాయని లారీ సరుకు తిప్పి పంపారు.

"ఈ యమ్మ ప్రోగ్రాం తప్పు రాసింది సార్," అన్నాడు సెక్షన్ హెడ్ మేనేజరుతో, నా ఎదుటే. మర్నాడు నన్ను స్టోర్సులో స్పానర్లు ఇచ్చే కౌంటరు వెనక స్టూలు మీదికి తోశారు.

రోజూ బస్సు శూలగిరి దాటేదాకా ఆయన్ని తిట్టుకునేదాన్ని. పాపం, ఆయనకు ఒకటి తెలియదు. హాష్ తీసేస్తే కాగితం మీద అంకె కురచవుతుందే గానీ, కంప్యూటర్ లెక్కలు దాచే ఫ్లాపీలో అసలు కొలత చెక్కుచెదరదు.

కొన్నవాళ్ళ ఆఫీసరు తనిఖీకి వచ్చిన రోజు, భోజనాల వేళ ఆ గదిలోకి దూరాను. మూడో హాష్ పెట్టి, ఆ లారీ సరుకు కొలతలన్నీ అచ్చు తీశాను. ప్రింటరు కీచుమంటుంటే నాకు పండగలా ఉంది. వాటితో పాటు నేను దాచుకున్న ఆ ఎర్ర సిరా కాగితం కూడా తీసుకెళ్ళి నేరుగా ఆఫీసరు ముందు పెట్టాను.

ఆయన అన్నీ చూసి నన్నే అడిగాడు: "తెలిసీ ఎనిమిది నెలలు ఎందుకమ్మా అచ్చు తీసినావు?"

సెక్షన్ హెడ్ ఉద్యోగం పోయింది. నా కుర్చీ కూడా నాకు తిరిగి రాలేదు. నా ఒక కన్ను పోతే పోయింది, ఆయనవి రెండూ పోయాయి కదా అనుకున్నాను.

పనిలోంచి పోయేవాళ్ళు స్టోర్సు సామాను అప్పగించి మా సంతకం తీసుకోవాలి. ఆయన షాఫ్టులు కొలిచే మైక్రోమీటరు పట్టుకుని నా కౌంటరుకే వచ్చాడు. దాన్ని తిప్పి తిప్పి చూస్తూ గంటసేపు నిలబెట్టాను.

"నీకూ ఆ కుర్చీ రాలేదు గదమ్మా," అన్నాడు.

"రాలేదు సార్. మీరు పోతుంటే చూసేదానికి ఈ స్టూలు చాలు."