నేను ఒప్పుకోని ఫిబ్రవరి ఇరవై తొమ్మిది

2000వ సంవత్సరం ఫిబ్రవరి 29, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, అలాంటి రోజు ఒకటి ఉందని నాకు తెలిసింది. అంతకుముందు రెండు నెలలుగా, ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై ఎనిమిది రోజులేనని చెప్పి మా నర్సింగ్ హోములోని ముప్పై ఒక్కమందినీ నమ్మించి ఉన్నాను. (నాతో కలిపి ముప్పై ఇద్దరం. నన్ను నేను నమ్మించుకోవలసిన అవసరం రాలేదు.)

ఆ రోజుల్లో బెంగళూరులో ఎక్కడ విన్నా రెండువేల సంవత్సరం మాటే. కంప్యూటర్లు తేదీలు మరిచిపోతాయట, బ్యాంకులు ఆగిపోతాయట, విమానాలు ఎగరవట. మా పైవాటాలో ఉండే సాఫ్ట్‌వేర్ దంపతులు పొద్దున పోతే ఎప్పుడో గాని ఇల్లు చేరేవారు కాదు. కంప్యూటర్లు మరిస్తే మరవనీ, నేనున్నాను కదా అని లోలోపల నాకు చాలా ధైర్యంగా ఉండేది. మా ఇంట్లో గ్యాస్ సిలిండరు ఏ రోజు పెట్టామో, ఎన్నాళ్ళు వచ్చిందో పెళ్ళయిన నాటి నుంచి రాసి పెట్టిన మనిషిని నేను. అప్పటికి నా వయసు నలభై. ఉద్యోగంలో వయసు మాత్రం పదకొండు నెలలే. పిల్లలిద్దరూ హైస్కూలుకు వచ్చాక, హోసూరు రోడ్డుకు దగ్గరలో ఇరవై నాలుగు మంచాల నర్సింగ్ హోములో రికార్డు గుమాస్తాగా చేరాను. కొత్త ఉద్యోగంలో ఉండవలసిన భయం నాకు ఉండకపోవడానికి కారణం, నా రిజిస్టర్లలో ఒక్క కొట్టివేత కూడా లేకపోవడమే.

ఆ నర్సింగ్ హోము పెట్టిందీ నడిపిందీ మా పెద్ద డాక్టరమ్మ. నాలుగు తరాలుగా బెంగళూరులో స్థిరపడిన తెలుగువాళ్ళు. చుట్టుపక్కల కొత్తగా పెద్ద ఆసుపత్రులు లేచి, మాకు కాన్పు కేసులు తగ్గిపోయాయి. ఆ సమయంలో ఆనేకల్ వైపు ఫ్యాక్టరీ ఒకటి, తమ ఉద్యోగుల కుటుంబాలను మా దగ్గరికి పంపుతామని ముందుకు వచ్చింది. ఒకటే షరతు. బయటి సంస్థ వచ్చి తనిఖీ చేసి నాణ్యతా సర్టిఫికెట్ ఇవ్వాలి. "అది రాకుంటే ఎండాకాలం అయ్యేలోపల కాన్పుల వార్డు మూసేయాల్సిందేనమ్మా. అందులో ఏడుగురు ఆయాలూ నర్సులూ ఉండారు, వాళ్ళని యాడికి పొమ్మంటాం?" అని డాక్టరమ్మ ఆ పని నా నెత్తిన పెట్టారు.

నేను విజృంభించాను. ప్రతి గదికీ నియమాలు రాశాను, రిజిస్టర్లకు ఏడాది మొత్తానికీ రోజుకో పేజీ చొప్పున గీతలు గీశాను. అన్నిటికంటే ఇష్టంగా చేసింది పొరపాట్ల పుస్తకం. ఎవరు ఏ పొరపాటు చేసినా తేదీ, వేళతో అందులో రాయాలి, మళ్ళీ జరగకుండా ఏం చేశామో కూడా రాయాలి. రెండు నెలల్లో పందొమ్మిది రాశాను. పందొమ్మిదీ ఇతరులవే. ఏడో నంబరు మా ఆపరేషన్ థియేటర్ ఆయాది. గాజుగుడ్డలు, గౌన్లు నింపి ఆవిరిలో శుద్ధి చేసే గుండ్రటి స్టీలు డబ్బాలను అక్కడ డ్రమ్ములంటారు. వాటి పని ఇరవై ఏళ్ళుగా ఆమెదే కాబట్టి అందరూ ఆమెను డ్రమ్ముల అక్క అనేవారు. శుద్ధి చేసిన డ్రమ్ము ఏడు రోజులు పనికొస్తుంది, ఆ తర్వాత వాడకుండా మళ్ళీ ఆవిరిలో పెట్టాలి. అక్కకు చదువు రాదు. అందుకని రోజుకో రంగు చొప్పున పాత చీరల పీలికలు డ్రమ్ము పిడికి కట్టేది. సోమవారానికి తెలుపు, మంగళవారానికి ఎరుపు, అలాగ. గడువు తేదీ వేసి నేను చక్కటి లేబుళ్ళు అంటిస్తుంటే ఈ పీలికలేమిటని నాకు ఒళ్ళు మండింది.

"అక్కా, తనిఖీవాళ్ళు చూస్తే నవ్విపోతారు. తీసెయ్."

"తీస్తే నాకెట్ల తెలుస్తాదమ్మా, ఏది ఎప్పుడుదో?"

"లేబులు మీద రాసి ఉంది కదా."

"రాసిండేది నీకు కదా తెలిసేది," అని నవ్వి, "కానీలే, తీస్తా పో" అంది. నేను ఏడో నంబరు రాసుకున్నాను: 'డ్రమ్ములకు నియమంలో లేని గుడ్డలు కట్టుట.'

ఇక ఫిబ్రవరి సంగతి. మా నాన్నగారు లెక్కల మాస్టారు. రెండు సున్నాలతో ముగిసే సంవత్సరాలకు లీపు ఉండదని, 1900లో లేదని నా చిన్నప్పుడు చెప్పారు. ఆ వాక్యానికి రెండో సగం కూడా ఉందట. అది చెబుతున్నప్పుడు నేను మంచినీళ్ళకు వెళ్ళి ఉంటాను. జనవరిలో బ్యాంకు క్యాలెండరులో ఫిబ్రవరి 29 చూసి "ప్రింటింగ్ తప్పు" అని ఎర్ర సిరాతో కొట్టేశాను. మందుల కంపెనీ క్యాలెండరులో కూడా ఉంటే, దీన్ని చూసి దాన్ని వేశారన్నాను. మా వారు సణిగితే, "లోకమంతా తప్పు చేస్తే నేనూ చెయ్యాలా?" అన్నాను. ఆయన పేపరులో తల పెట్టేశారు. తనిఖీ సంస్థ నుంచి 'మార్చి 1, బుధవారం వస్తాము' అని ఉత్తరం వచ్చింది. నేను తిరుగు టపాలో రాశాను: 'మార్చి 1 మంగళవారం. దయచేసి మీ రికార్డులు సవరించుకోగలరు.' (ఆ ఉత్తరం నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి.)

ఆ మంగళవారం ఎనిమిది గంటలకల్లా వాకిట్లో ముగ్గు, గుమ్మానికి మామిడాకులు, నర్సులకు ఇస్త్రీ బట్టలు. పద్నాలుగు మందికి బిసిబేళే బాత్ వండించారు. తొమ్మిది దాటినా ఎవరూ రాలేదు. తనిఖీ ఆఫీసుకు ఫోను చేసి, మీ మనుషులకు వేళాపాళా లేదా అని అడిగాను.

"రేపు కదా మేడమ్. ఇవాళ ఇరవై తొమ్మిది."

"ఈ ఏడు ఇరవై తొమ్మిది లేదండీ. రెండు సున్నాలతో ముగిసే ఏడు."

అవతలి మనిషి చాలా ఓపికగా అన్నాడు: "నాలుగు వందలతో భాగించి చూడండి మేడమ్. శేషం రాకపోతే లీపు ఉంటుంది. కావలిస్తే లైన్లోనే ఉంటా."

పెన్సిలు తీసి భాగించాను. ఐదు వచ్చింది. శేషం సున్నా. గోడ గడియారంలో తొమ్మిది గంటల పది నిమిషాలు.

ముందు సిగ్గు వేసింది, వెంటనే గుర్తొచ్చింది. డ్రమ్ములు! ఇరవై రెండో తారీకు మంగళవారం శుద్ధి చేసిన రెండు డ్రమ్ముల మీద నేను వేసిన గడువు మార్చి 1. నిజానికి వాటికి ఇవాళే ఆఖరు. మరునాడు, అసలైన మార్చి 1న, పొద్దున ఏడు గంటలకు సిజేరియన్ ఉంది. బయటి నుంచి వచ్చే సర్జన్ నా లేబులు నమ్మి తెరిస్తే అది ఎనిమిదో రోజు డ్రమ్ము. ఆ వారం మొత్తానికి అలా తప్పు తేదీలు వేసినవి పన్నెండు. చెప్పులు వదిలేసి థియేటరుకు పరుగెత్తాను. అరమీద పది ఉన్నాయి. రెండు లేవు.

"అక్కా, పోయిన మంగళవారం డ్రమ్ములేవీ?"

"యాల అట్ల అరస్తావు? ఆవిరిలో ఉండాయి. మంగళారానివి మంగళారం లోపలికి పోతాయి గదా."

"లేబులు మీద అట్లా లేదే."

"నీ చీటీ ఏం చెప్తాదో నాకేం తెలుసమ్మా." ఆమె అరమీది డ్రమ్ము ఒకటి వంచి అడుగు చూపించింది. కింద, కంటికి కనబడకుండా, ఆకుపచ్చ పీలిక. నా మాట విన్నట్టు నటించి పీలికలన్నిటినీ డ్రమ్ముల అడుగుకు మార్చేసింది. "నువ్వు తిడతావని కింద కట్నా. నీ నెలకి ఎన్ని దినాలన్నా ఉండనీ, వారానికి ఏడే గదా!"

నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. అక్క మంచినీళ్ళు ఇచ్చి, నా ముఖంలోకి చూసి, ఎగతాళి ఏమీ లేకుండానే అడిగింది: "ఇది గూడ ఆ బుక్కులో రాస్తావామ్మా?"

పన్నెండు లేబుళ్ళు మార్చడానికి అరగంట చాలు. ఎవరికీ తెలియదు. అయినా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆవిడ చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"రాయకుంటే ఏమైతాది?"

"ఏమీ కాదు మేడమ్."

"రాస్తే?"

"సర్టిఫికెట్ పోవచ్చు. నా ఉద్యోగమూ పోవచ్చు. కానీ రాయకపోతే, ఆ పుస్తకంలో ఉన్న పందొమ్మిది మంది ముఖాలు నేనెట్లా చూడను?"

"వార్డు మూసినా పర్వాలేదా?"

నేను మాట్లాడలేకపోయాను. డాక్టరమ్మ అద్దాలు పెట్టుకుని నిట్టూర్చారు. "ఏమమ్మా, పదకొండు నెలలుగా నీ నోటికి ఎదురు లేదు. అది మూతబడేదానికి ఇరవై తొమ్మిదో తారీకు రావాల్సొచ్చె. పో, రాయి. బాత్ చల్లారిపోతాంది, తినేసి రాయి."

ఇరవయ్యో నంబరు రాశాను, నా పేరుతో. ఏడో నంబరు మీద ఒకే గీత గీసి, పక్కన 'పొరపాటు ఆయాది కాదు, రాసినవారిది' అని సంతకం పెట్టాను. నా రాతలో మొదటి కొట్టివేత అది.

మరునాడు వచ్చిన తనిఖీ పెద్దమనిషి విజయవాడ వైపు మనిషి. సంచిలోంచి మొదట తీసింది నా ఉత్తరమే. "మార్చి ఒకటిని మంగళవారానికి మార్చిన మేడమ్ మీరేనాండీ? మా ఆఫీసులో బోర్డుకి అంటించుకున్నాం." ఆయన పొరపాట్ల పుస్తకం తీసుకుని మొదటి పేజీ నుంచి చదవసాగారు. ఒక్కో పేజీ తిప్పుతుంటే వార్డులోని ఏడుగురూ నాకు కళ్ళ ముందు కదిలారు.

"పందొమ్మిది దాకా చదివాక మీ మీదే డౌటొచ్చిందండీ," అన్నారు. "ఇంతమంది తప్పులు పట్టినావిడకి ఒక్కటీ లేదంటే, దాస్తోందన్నమాట అనుకున్నా. ఇరవై చదివాక ఆ డౌటు పోయింది. ఆ పీలికల ఆవిడ ఎక్కడ?"

అక్క తలుపు వెనక దాక్కుంది. ఉద్యోగం తీసేస్తారనుకుంది పాపం. నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ఆమె తల దించుకుని రంగులు చెప్పడం మొదలుపెట్టి, శుక్రవారం దగ్గరికి వచ్చేసరికి ఆయనకే పాఠం చెబుతోంది: "చదివినోళ్ళు లేబులు చూస్తారు సార్, కరెంటు పోయి గలాటా అయితే రంగు చూడాల." ఆయన రాసుకుని, నా వైపు తిరిగి, "లేబుళ్ళు ఉంచండి, పీలికలు కూడా నియమంలో పెట్టండి. రాసేది మీరే కదా," అన్నారు.

రాశాను. తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ అంటూ అక్క చెబుతుంటే నేను రాశాను. సర్టిఫికెట్ ఏప్రిల్ 19, బుధవారం టపాలో వచ్చింది. (బుధవారమేనా అని రెండుసార్లు చూసుకున్నాను.) వార్డు నిలిచింది, ఏడుగురూ నిలిచారు, నేనూ నిలిచాను. మరో పద్దెనిమిదేళ్ళు అక్కడే పనిచేశాను. సర్టిఫికెట్ వచ్చిన రోజు సాయంత్రం అక్కకు కాఫీ తెచ్చి ఇచ్చి, నువ్వు లేకపోతే ఏమయ్యేదో అన్నాను. "ఏమీ కాదులే," అంది ఊదుకుంటూ. "తారీకులు నువ్వు చూస్కో, వారాలు నేను చూస్కుంటా."

అలాగే చూసుకున్నాం, ఆమె ఉన్నన్నాళ్ళూ. అప్పటి నన్ను, ఆ నలభై ఏళ్ళ మొండి మనిషిని, ఇప్పుడు తలుచుకుంటే కోపం రాదు. దగ్గర కూర్చోబెట్టుకుని, రెండో సగం కూడా విని వెళ్ళవే అని చెప్పాలనిపిస్తుంది.

ఆ వ్యవహారం నుంచి ఇప్పటిదాకా పోయినవాటి లెక్క: లేబుళ్ళు పన్నెండు. పద్నాలుగు మంది భోజనం (పోలేదు, మేమే తిన్నాం, కొట్టివేయడమైనది). రోగులకు నష్టం, సున్నా. నా రిజిస్టరులో కొట్టివేత లేదన్న పేరు ఒకటి. నలభై ఏళ్ళుగా ఎవరి ముందూ వాడకుండా దాచుకున్న 'తప్పు నాది' అన్న మాట ఒకటి. 2011 జూన్ 14, మంగళవారం, డ్రమ్ముల అక్క.