ఉల్లిపాయతో వాదం

ఆ కాలంలో, ఎక్కడో ఉత్తరాన ఉక్కు కార్ఖానా ఊరిని ఆనుకున్న మా బాగ్‌బేరాలో, ఆరోగ్యం జేబులో పట్టేది. ఎండలు ముదిరాయంటే చాలు, పనికి బయల్దేరే ప్రతి మగాడి జేబులోనూ ఇంటి ఆడవాళ్లు ఒక ఉల్లిపాయ వేసి పంపేవారు. వడగాలి మనిషిని వదిలేసి ఆ ఉల్లిపాయని పట్టుకుంటుందట. (వడగాలిని ఈ ఒప్పందానికి ఎవరు ఒప్పించారో నాకు ఇప్పటికీ తెలియదు.) డెబ్భైల చివరి మాట. అప్పుడే మీసం దిద్దుకుంటున్న వయసు నాది, ఉండేది అక్కాబావల ఇంట్లో. ఆదివారమైతే కాసిడీహ్‌లో ఒక మేడ మీద తెలుగు కుర్రాళ్లం చేరి మూఢనమ్మకాల మీద చర్చలు పెట్టేవాళ్లం. అక్కడ దేవుణ్ణీ దెయ్యాన్నీ ఒకే పూటలో ఓడించి, బస్సెక్కి ఇల్లు చేరి, అక్క వడ్డించిన చారన్నం తిని పడుకునేవాణ్ణి. తెల్లారితే అక్క నా జేబులో ఉల్లిపాయ వేసేది. నేను తీసి కూరలబుట్టలో పడేసేవాణ్ణి.

ఒక కాంట్రాక్టరు కింద బొగ్గు వ్యాగన్లు దించే చోట నేను హాజరు గుమాస్తాని, బావ మేస్త్రీ. కూలీలు చాలామంది మా ఇచ్చాపురం, సోంపేట వైపు వాళ్లే. మే నెల మధ్యాహ్నం ఆ వ్యాగన్ల ఇనుము మీద చెయ్యి వేస్తే చర్మం చుర్రుమనేది. కుళాయి రెండు లైన్లు దాటి అవతలెక్కడో ఉండేది. నీళ్లకని వెళ్లి ఆలస్యం చేసినవాడికి, కాంట్రాక్టరు తరఫున పెత్తనం చేసే మునిషీ ఆ పూట కూలి కోసేవాడు. అందుకని జనం దాహాన్ని అలాగే ఓర్చుకునేవారు, ఒంటేలు మంటెత్తినా నోరెత్తేవారు కాదు. నేను అడిగిందల్లా రెండు కుండల నీళ్లు, గుప్పెడు ఉప్పు, తలదాచుకోను కాస్త నీడ. మునిషీ తన లాల్చీ జేబులోంచి ఉల్లిపాయ తీసి నా మొహం ముందు ఆడించి, “పాకిట్ మే ప్యాజ్ హై న? ఫిర్ పానీ కాహే కో?” అన్నాడు. జేబులో ఉల్లిపాయ ఉండగా నీళ్లెందుకట! అప్పుడు తెలిసింది నాకు, ఆ ఉల్లిపాయ ఇన్నాళ్లూ కాపాడుతున్నది కాంట్రాక్టరునని.

దాన్ని ఓడించక తప్పదనుకుని పందెం కాశాను. ఉల్లిపాయ లేకుండా మిట్టమధ్యాహ్నం నేనే పార పడతాను, పని ముగిసే సైరన్ దాకా నిలబడితే కుండలు పెట్టించాలి. మునిషీ సంతోషంగా ఒప్పుకున్నాడు (ఉత్తపుణ్యానికి ఇంకో కూలీ దొరికితే ఎవరికి చేదు?). షరతు ఒకటే, నిలబడ్డ చోటు వదలకూడదు.

“నీకేటైనా పిచ్చెక్కిందేట్రా? కలం పట్టీ చేతుల్తో పార పడతావా?” అన్నాడు బావ.

“ఇది సిద్ధాంతం బావా!”

“సిద్ధాంతానికి ఎండ తగల్దేటి? నెత్తి మీద తువ్వాలైనా ఏస్కో.”

తువ్వాలు వేసుకుంటే తువ్వాలు గెలిచిందంటారని వేసుకోలేదు. కూలీలందరిలోకీ పెద్దాయన్ని మేం తాత అనేవాళ్లం. ఆయన చాటుగా తన సీసాలో అడుగున మిగిలిన గంజి చూపించి, “గుటకెయ్ బాబూ, ఎవులూ సూడ్నేదు” అన్నాడు. గంజి తాగితే గంజి గెలిచిందంటారు. వద్దన్నాను. నీళ్ల కోసం పోరాడేవాడు నీళ్లు ముట్టకుండా పోరాడాలని తీర్మానించుకున్న తర్కం నాది. పైగా ప్రతి పారకీ ఒక ఉపన్యాసం. మనిషి ఒంటిని చల్లబరిచేది చెమటే అని వివరిస్తూ ఉండగా నా చెమట ఆగిపోయింది. ఆ వాక్యం ఇప్పటికీ పూర్తి కాలేదు.

కళ్లు తెరిచేసరికి ముక్కు దగ్గర ఒక ఉల్లిపాయ, అరికాళ్లకి ఇంకో ఉల్లిపాయ. నిలువెల్లా తడిసి ఉన్నాను. పక్కన రెండు ఖాళీ బకెట్లు.

“నీళ్లు పోశారు కాబట్టే లేచానయ్యా!” అన్నాను పీలగా.

“ఉల్లి ఘాటు తగిలింది, లెగిసిపోనాడు” అన్నారు అందరూ. మర్నాటి నుంచీ ఒకటి తెచ్చుకునేవాళ్లు రెండేసి తెచ్చుకోసాగారు. మా ఉద్యమం సాధించింది అదీ.

ఆ తర్వాతి వారం తాత వ్యాగను పక్కన కూలబడ్డాడు. మేం చేరేసరికి ఒళ్లు పెనంలా ఉంది. చెమట లేదు, మాట లేదు. బకెట్లు పట్టుకుని పరుగెత్తారు గానీ, లైన్ల మీద అడ్డంగా గూడ్సు నిలబడి ఉంది. నీళ్లు వచ్చేసరికి అవసరం తీరిపోయింది. తాత మొలలో దోపుకున్న ఉల్లిపాయ జారి బొగ్గులో పడింది. మునిషీ దాన్ని బూటుతో దొర్లించి చూసి, “బాసీ ప్యాజ్ థా” అన్నాడు. నిలవ ఉల్లిపాయట. మనిషి బతికితే ఉల్లిపాయ మహిమ, చస్తే అది నిలవది. ఎన్ని ఆదివారాలు చర్చించినా పడగొట్టలేని వాదన అది.

నేను అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. ‘శాస్త్రం’ అన్న మాట చాలాసార్లు వచ్చిందని బావ తర్వాత చెప్పాడు. ఎవరూ వినలేదు. బావ మాత్రం చేతిలో పార కింద పెట్టి, తాత పక్కనే చతికిలబడ్డాడు.

“ఇక్కడికి నీళ్లొచ్చీదాకా లెగను” అన్నాడు.

అంతే. ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. వ్యాగన్లు దించకపోతే కాంట్రాక్టరు జరిమానా కట్టుకోవాలి. మునిషీ బతిమాలాడు, బెదిరించాడు, చివరికి సైకిలెక్కి ఎటో పోయాడు. మర్నాడు పొద్దున్న మేం వెళ్లేసరికి వ్యాగన్ల పక్కన టార్పాలిన్ పందిరి, దాని కింద రెండు కుండలు, ఒక ఉప్పు పొట్లం. పెద్ద ఖర్చేం కాదు. ఒక్కరోజు ముందు పెట్టి ఉంటే అదే ఖర్చుతో తాత కూడా ఉండేవాడు.

నాకు మాత్రం విజయం తలకెక్కింది. పందిరి బయట ఎండలోనే నిలబడి, “ఇప్పటికైనా ఆ ఉల్లిపాయలు తీసి అవతల పారెయ్యండి!” అన్నాను. నీళ్లు తాగుతున్న బావ జేబు ఉబ్బెత్తుగా ఉంది. ఆయన తీరిగ్గా గ్లాసు దించి, మూతి తుడుచుకున్నాడు.

“ఒరే బామ్మర్దీ, నీకు నీళ్లు కావాలేటి, గెలుపు కావాలేటి?”

“రెండూ కావాలి” అన్నాను పౌరుషంగా.

జనం నవ్వారు. తాత పోయాక అక్కడ నవ్వు వినపడటం అదే మొదలు.

ఉల్లిపాయ మీద నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. అయితే పందిరి నీడకి రాకుండా ఎండలోనే నిలబడి, నవ్వుతున్న వాళ్లకి ఇంకా ఏదో రుజువు చెయ్యబోతున్న ఆ కుర్రాడు అప్పుడప్పుడు కళ్లముందు మెదుల్తాడు. ఇప్పుడు ఎదురైతే వాడితో వాదించను. ముందు వచ్చి కూర్చోరా అంటాను. (కూర్చోడనుకోండి.)