చూపు ఎటు పోతే బండి అటు

కార్ల పందేలకు కావలసింది కాళ్లూ చేతులూ కాదు, తలకాయ అని హైదరాబాద్‌లో మాకు శిక్షణ ఇచ్చే సారు మొదటి రోజే చెప్పారు. బండి నడపడం నాకు అప్పటికే వచ్చు. ఆయన నేర్పింది మనసును నడపడం. కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, పందెం దారి అంతా మలుపు మలుపునా మనసులోనే తిరిగి రావాలి. భయం పుడితే ఊపిరి మెల్లగా వదలాలి. అన్నిటికన్నా ముఖ్యం చూపు. గోడను చూస్తే గోడకే పోతావు, పోవాల్సిన చోటునే చూడు అనేవారు. వెనక ఏం జరిగినా అది నీకు పట్టకూడదు అనేవారు.

కొత్తకోటలో మా ఇంట్లో ఇదంతా పెద్ద వేడుక. అరుగు మీద ముక్కాలి పీట వేసుకుని, స్టీలు పళ్లాన్ని స్టీరింగ్‌లా పట్టుకుని నేను అటూ ఇటూ వంగుతుంటే, జీవితమంతా లారీ తోలిన నాయిన పొట్ట పట్టుకుని నవ్వేవాడు.

"కండ్లు మూసుకొని బండి నడిపేటోన్ని నిన్నే చూస్తున్నరా. నేను గిట్ల నడిపుంటే నువ్వు పుట్టకనే పోదువు."

నాకు ఒళ్లు మండేది. పందేల్లో నేను పొడిచేసింది ఏమీ లేదు, ఆ మాటా చెప్పాలి. శిక్షణ మాత్రం ఒంటబట్టింది. బండెక్కే ముందు చేతులు వణకడం మానేశాయి.

ఒక ఎండాకాలం పొద్దున చాయ్ తాగుతూ తాగుతూ నాయిన ఛాతీ పట్టుకున్నాడు. అంబులెన్సు వేరే ఊరికి పోయిందన్నారు. ఆయన్ని నా కారు వెనక సీట్లో పడుకోబెట్టాం. అమ్మ ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు చేరితే చాలు, నాయిన బతుకుతాడు. నా తలలో ఇంకో ఆలోచన లేదు. దారంతా కళ్ల ముందు పరుచుకుంది: టోల్‌గేటు, అడ్డాకుల, మూసాపేట, భూత్పూర్ దగ్గర ఎడమకు మలుపు. ఊపిరి మెల్లగా వదిలాను.

అడ్డాకుల దాటాక అమ్మ గొంతు మారింది.

"కొడుకా, జర ఆపు. నాయినకు దూపయితాందట, నీళ్లు అడుగుతాండు. నీ పేరే తీస్తాండు."

"సీసా నీ దగ్గరనే ఉంది కద అమ్మా, నువ్వే పొయ్యి."

"నేను పోస్తే కాదురా. పాణం పోతాంది ఆయనకు. నీ చెయ్యితోనే పొయ్యాలె."

మా దిక్కున పోయే ప్రాణానికి ఆఖరి గుక్క కొడుకు చేత్తోనే పడాలి. అది నాకు తెలియక కాదు. ఆ నీళ్లు పోస్తే, ఆయన పోతున్నాడని నేను ఒప్పుకున్నట్టే. నేను ఒప్పుకోదలచుకోలేదు.

"ఏం గాదు. దగ్గరికొచ్చినం. నువ్వు జర సప్పుడు చెయ్యకు."

"ఒక్కసారి ఎనుకకన్న చూడరా. నీ దిక్కే చూస్తాండు."

చూడలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. లారీల మధ్య నుంచి పోతూ ఒక్క కుదుపు రానివ్వలేదు. నా జీవితంలో అంత బాగా ఎన్నడూ నడపలేదు. అమ్మ ఏడుపు కొంత దూరం వినిపించింది, తరువాత వినిపించలేదు. ఆమె ఏడుపు ఆపిందో, నేను వినడం ఆపానో ఇప్పటికీ చెప్పలేను.

దవాఖానలో డాక్టరు కనురెప్పలు ఎత్తి చూసి, "దారిలనే పోయిండు" అన్నాడు. వెనక సీటంతా తడిసి ఉంది. అమ్మ పోసి చూసినట్టుంది, నాయిన మింగలేదు. నాకు ఏడుపు రాలేదు. రానందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. సారు నేర్పినదాంట్లో తప్పేమీ లేదు. పందెం కారుకు వెనక సీటు ఉండదు. ఈ మాట నాలో నేనే ఎన్నోసార్లు అనుకున్నాను, ఏ ఒక్కసారీ మనసు కుదుటపడలేదు.

మధ్యాహ్నం ఇంటి ముందర నాయినను పడుకోబెట్టాక, కులపెద్ద చెంబు నా చేతికిచ్చి నోట్లో నీళ్లు పొయ్యమన్నాడు. పోశాను. పెదవుల మీద నుంచి చెంప మీదికి జారి చెవిలోకి పోయాయి. ఇంకోసారి పోయబోయాను. అమ్మ కొంగుతో ఆయన చెవి తుడుస్తూ, నా వైపు చూడకుండానే అంది.

"ఇగ చాలు తియ్యి కొడుకా. ఇప్పుడాయనకు దూప లేదు."