తుమ్మలకుంట మీద పడి ఏడ్చిన దుర్గమ్మ

దుర్గమ్మతోటి నోరు పెట్టుకొని నెగ్గినోళ్లను నేను చూడలేదు. నేను గూడ నెగ్గలేదు, నా నోరెట్లాంటిదో మేడ్చల్ దాక ఎరుకే. ఆమె గెలిచిన కొట్లాటల్ల ఒకటి నా కండ్ల ముందటనే అయింది.

అది రెండువేల రెండు. ఆషాఢం పోయి శ్రావణం వచ్చినా చినుకు లేదు. వాన రాకుంటే మా దిక్కు కప్పతల్లిని తిప్పుతరు. కుంటల నుంచి ఒక కప్పను పట్టుకొచ్చి, రోకలికి యాపమండలు కట్టి, వాటి నడుమ తడిబట్టల కప్పను పెట్టి, ఇద్దరాడోళ్లు భుజాల మీద మోస్తరు. ఇంటి ముందట ఆగి పాట పాడితే ఇంటామె బయటికొచ్చి కప్ప మీద చెంబెడు నీళ్లు పొయ్యాలె. అంత తిరిగినంక కప్పను పాణంతోటి తెచ్చిన కుంటలనే విడువాలె. పాటంత ఒక ఎత్తు, ఆ విడుచుడొక ఎత్తు.

ఆ యేడు దుర్గమ్మ రోకలిని కొత్త కాలనీ దిక్కు గూడ మలిపింది. ఒకప్పుడు మా ద్రాక్షతోటలున్న జాగ అది, దుర్గమ్మ అండ్ల కూలికొచ్చేది. కోస్తా దిక్కుకెల్లి వచ్చిన శేషారత్నం అనే ఆమె గేటు కాడ అడ్డం నిలబడ్డది.

"ట్యాంకరు రెండ్రోజులకోసారి వస్తోందమ్మా. తాగడానికే చాలక చస్తుంటే కప్ప మీద పొయ్యమంటారా?"

"కప్పకు నువ్వు పోస్తే నీకు మొగులు పోస్తది. ఇచ్చిపుచ్చుకునుడే గదనమ్మా."

"పాపం, నోరులేని దాన్ని కట్టేసి హింసిస్తూ, పైగా కబుర్లా!"

"హింసనా? నీ ఇల్లున్న జాగల నేను ద్రాక్షగెలలు కోసిన తల్లీ. బాయిలకు వంగితే నా ముఖం నాకు కనవడేది. ఇప్పుడు బోరు మీద బోరేసి భూమి పేగులు గుంజుతుంటే అది హింస గాదు, చెంబెడు నీళ్లడిగితే నాది హింసైందా?"

"నేనేమన్నా బోర్లు వేశానా?"

"నేనేమన్న వాన ఆపిన్నా? ఇద్దరిది తప్పు లేదు గద, మరి ఇద్దరం కలిసే అడుగుదాం పా."

శేషారత్నానికి నవ్వాగలేదు. లోపటికి పోయి చెంబు గాదు, బిందె తెచ్చింది. ఆ వారంల ఒక జల్లు పడ్డది. అందరు దుర్గమ్మ పాటను మెచ్చుకుంటే, "నా పాటేంది, ఆ కాలనీ అమ్మ బిందె మహిమ" అన్నది.

ఆ పాట ఆమె కట్టిందే. నాకైతే నాలుగక్షరాలొస్తయి, ఆమెకవి గూడ రావు. "తెచ్చిన నీళ్లకే తెచ్చి అప్పజెప్త, తల్లీ నా మాట మీద కదిలిరా" అని కప్పకు మాటిచ్చే ముక్క ఒకటుండేది. అక్కడికొస్తే గొంతు తగ్గించి, కప్ప దిక్కే చూసి పాడేది.

వాన పాటలకన్న శోకాలకు ఆమె పేరు పెద్దది. సావైన ఇంటికి పోయి, పోయినోళ్ల మంచిచెడ్డలన్ని అల్లి ఏడిస్తే రాయి గూడ కరిగేది. మా అసొంటి పటేండ్ల ఇండ్లల్ల ఆడోళ్లు గొంతెత్తి ఏడిస్తే పరువు తక్కువ. మా ఆయన పోయిననాడు నేను గోడకానుకొని కూసున్న, నా ఏడుపు గూడ దుర్గమ్మే ఏడ్చింది. దింపుడుకల్లం కాడ పాడె దించి, పాణమేమన్న తిరిగొస్తదేమోనని పోయినోళ్ల చెవుల పేరు పెట్టి పిలుస్తరు గద. అందరు పిలిచిండ్రు. "నువ్వు గూడ పిలువు పటేలమ్మా" అని నా భుజం కింద రెట్ట పట్టి ఊపింది. నేను పరువుకు జంకి పిలువలే, కొంగు నోట్ల కుక్కుకున్న.

కప్పలన్ని తుమ్మలకుంటయి. దానికి నీళ్లు సీతాఫలాల గుట్ట మీదికెల్లి దిగేటివి. గుట్ట, కుంట మా మరిది కొడుకు మధుసూదన్ వంతుకొచ్చినయి. వాడు ముందుగాల గుట్ట మీది చెట్లు కొట్టిచ్చిండు. తునికి, మోదుగు, సీతాఫలం ఏదీ మిగల్లేదు. చెట్లు పోతే నీళ్లు నిలుస్తయా? పడ్డ కొన్ని చినుకులు గూడ ఉరికిపోయినయి. కుంట బురదగుంటయింది.

ఇంకో రెండేండ్లకు మళ్ల కరువు. దుర్గమ్మ ఆ బురదల మోకాళ్ల దాక దిగి ఒక్క కప్పను దొరకవట్టింది. పొద్దంత తిప్పినం. ఈసారి శేషారత్నం మా ఎంబడే నడిచింది. పొద్దుగూకంగ కప్పను విడ్వనీకి పోతే కుంట లేదు. మేం ఊర్లె తిరిగిన ఆ ఒక్క దినంలనే టిప్పర్లు ఎర్రమట్టి మొరం తెచ్చి పోసి కుంటను పూడ్చి పోయినయి. దుర్గమ్మ మొరం మీద నిలబడి, తడిబట్టల కప్పను పట్టుకొని, ఏ దిక్కు పోవాల్నో తెల్వక నా దిక్కు చూసింది.

"మా తొట్లో వెయ్యండి దుర్గమ్మగారూ, రేపు చెరువుకి తీసుకెళ్దురుగాని" అన్నది శేషారత్నం పాపం.

ట్యాంకరు నీళ్లల్ల ఏసే మందు పడలేదో, ఎండల తిరిగి తిరిగి సొలసిందో, తెల్లారెవరకు కప్ప ఎల్లకిల పడి తేలింది.

కుంటను ప్లాట్లు జేసి అమ్మనీకి మధుసూదన్ షామియానాలేసి పూజ పెట్టుకున్ననాడు దుర్గమ్మ వచ్చింది. కొప్పు ఇప్పుకొని మొరం మీద కూలవడి, సావు కాడ ఎట్ల ఏడుస్తరో అట్లనే ఎత్తుకున్నది.

"గుట్ట కొప్పు గొరిగిన్నాడే గొంతెండెనా తల్లీ,
పిట్ట దూపకొస్తె ఏ దిక్కు పోవాలె తల్లీ,
మొరం దుప్పటి గప్పి నిన్ను పండవెట్టిరా తల్లీ,
కప్ప ఇంటికొస్తె తలుపెవరు తియ్యాలె తల్లీ..."

కార్లల్ల వచ్చినోళ్లు చేతులు కట్టుకొని నిలబడ్డరు. మధుసూదన్ నా కాడికి ఉరికొచ్చిండు.

"పెద్దమ్మా, నువ్వు చెప్తే ఇంటది. లేపు జర. ఇజ్జత్ పోతాంది."

"శోకం పెట్టినోళ్లను నడుమల లేపే రివాజు మనకు లేదు బిడ్డా. అయిపోయేదాక నిలబడు, సావు నీ ఇంట్లనే అయింది."

నిలబడ్డడు. ఏమైంది మరి? ఆమె ఏడుపయింది, వాళ్ల భోజనాలైనయి, ప్లాట్లు అమ్ముడువోయినయి. మొరం కింది నీళ్లు పైకి రాలేదు.

ఆ తర్వాత దుర్గమ్మ కప్పతల్లి పాట నోట పెట్టలేదు. యేడేడు ఎండ ముదురుతనే ఉన్నది. రెండువేల తొమ్మిదిల మళ్ల మొగులు మొండికేస్తే ఆడోళ్లు పోయి కాళ్లు పట్టుకున్నరు.

"కప్పకిచ్చిన మాట తప్పినదాన్ని. నా నోటికి వానెట్లొస్తది? అయినా కప్పను యాడ పడ్తరే, ప్లాట్లల్లనా?" అని అటు మళ్లి పండుకున్నది.

అప్పటికే ఆమెకు పాణం బాగలేదు. పటేలమ్మ కూలోళ్ల ఇంటికి పోయి మంచం కాడ కూసుంటదా అని నలుగురు అనుకున్నరు. అనుకోనీ, పోయిన. నన్ను చూసి నవ్వింది.

"పటేలమ్మా, ఒక పని జెయ్యాలె."

"చెప్పు. పని చెప్పనీకి నీకు సిగ్గెప్పుడున్నది?"

"నేను పోతే నా మీద పడి ఏడ్వనీకి బిడ్డలున్నరు. కుంటకు నేనొక్కదాన్నే ఉంటి."

"అయితే?"

"వల్లకాటికి తొవ్వ ఆ ప్లాట్ల మీదికెల్లే. నన్ను ఆడ దించుమను. నా దింపుడుకల్లం ఆడనే కావాలె."

"చెప్త. మధుసూదన్ ఏమంటడో నేను చూసుకుంట."

"అది గాదు నేనడిగేది." నా రెట్ట పట్టింది. ఆనాడు పట్టిన రెట్టే. "అందరు నా చెవుల నా పేరు పెట్టి పిలుస్తరు. నువ్వు నా చెవుల పిలువకు. మొరానికి నోరు పెట్టి 'తుమ్మలకుంటా' అని పిలువు. మీ ఇంటోళ్లంత ఇనేటట్టు, గొంతెత్తి పిలువు."