కరెంటు లేని డబ్బా

ఆ సోమవారం నేను ఒక అబద్ధం ఆడాను. "బ్యాకప్ ఉంది, భయపడకండి" అని మా యజమానికి ఫోన్‌లో చెప్పాను. ఉందో లేదో చూడకుండానే చెప్పాను. జరిగింది రాయాలంటే ముందు అది ఒప్పుకోవాలి. దయ్యాలు, మహిమలు అంటే నాకు నమ్మకం లేదు. కంప్యూటర్లతో బతికేవాణ్ణి. వెతికితే దేనికైనా కారణం దొరుకుతుందనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

మాది స్కానింగ్ సెంటర్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటి, ఎల్బీనగర్‌లో ఒకటి. రెండు చోట్లా కంప్యూటర్ల పని నేనూ పద్మా చూస్తాం. స్కాన్లన్నీ సర్వర్‌లో చేరతాయి. సర్వర్ పాడైనా పోకుండా ఇంకో కాపీ క్లౌడ్‌లో దాచాలని యజమాని అన్నారు. ఎలా పంపాలన్న దగ్గరే మా ఇద్దరికీ పడలేదు. ప్రతి సర్వరూ తన సొంత పాస్‌వర్డ్‌తో నేరుగా పంపాలని పద్మ అంది. ఎల్బీనగర్‌లో డబ్బా లాంటి ఒక చిన్న కంప్యూటర్ పెడదాం, సర్వర్లన్నీ దానికే ఇస్తాయి, అదే క్లౌడ్‌కు పంపుతుంది అని నేనన్నాను. పంపడానికి ఒకే పాస్‌వర్డ్, అదీ నా చేతిలో. క్లౌడ్‌లో ఏమున్నాయో చూడటం మాత్రం ఇద్దరికీ కుదురుతుంది.

"మధ్యల గా డబ్బా ఎందుకన్నా? అది పడుకుంటే అన్నీ పడుకుంటయ్" అంది పద్మ.

"నువ్వు పడుకోకుండా ఉంటే చాలు" అని అందరి ముందూ నవ్వాను. చివరికి డబ్బానే పెట్టాం.

శనివారం దిల్‌సుఖ్‌నగర్‌లో రౌటర్‌కు కరెంటిచ్చే అడాప్టర్ కాలిపోయింది. కొత్తది తేవడానికి బద్ధకించి, ఎల్బీనగర్ వెళ్లినప్పుడు ఆ డబ్బాది పీకి తెచ్చి పెట్టాను. ఒకదానిది తీసి ఇంకోదానికి పెట్టడం మా పనిలో మామూలే. సాయంత్రం తిరిగి పెట్టేద్దామనుకుని మర్చిపోయాను. పద్మకు చెప్పలేదు. డబ్బా ఆగితే నా ఫోన్‌కే మెసేజ్ వస్తుంది. విసుగొచ్చి ఎప్పుడో వాటిని ఆపేశాను.

సోమవారం మధ్యాహ్నం ఎల్బీనగర్ సర్వర్ డిస్క్ పోయింది. ఆ పొద్దున్నే తుర్కయంజాల్ నుంచి వచ్చిన బాలమణి అనే పెద్దావిడకు నరంలోకి మందు ఎక్కించి పొట్ట స్కాన్ తీశారు. ఫిల్మ్ ఇంకా వేయలేదు. సర్వర్‌కు చేరగానే మిషన్‌లోంచి తీసేయడం అక్కడి అలవాటు. మర్నాడు ఆమెకు ఆపరేషన్.

యజమానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక, దిల్‌సుఖ్‌నగర్‌లో నా ఎదురుగా రౌటర్‌కు ఉన్న డబ్బా అడాప్టర్ కనిపించింది. రోడ్డు దాటి కొత్తది కొని రౌటర్‌కు పెట్టాను. పాతది బ్యాగులో వేసుకుని మెట్రో ఎక్కాను.

ఎల్బీనగర్‌లో బాలమణి కొడుకు ఎదురొచ్చాడు. "సార్, అమ్మ కిడ్నీలు మంచిగ లెవ్వు. మళ్ల గా మందు ఎక్కియ్యొద్దని డాక్టర్ చెప్పిండు. స్కాన్ దొరుకుతది గద?"

నెట్ నెమ్మదిగా ఉంది, దొరుకుతుంది అన్నాను. ఇంకో అబద్ధం.

సర్వర్ గదిలో ఏసీ చల్లగా ఉంది. డబ్బాకు ఒక్క లైటూ లేదు. అడాప్టర్ పెట్టే చోటు ఖాళీ. దగ్గరకు లాగుదామని చెయ్యి వేశాను. వేడిగా ఉంది. పొద్దుటి నుంచీ పనిచేస్తున్న మిషన్ ఎంత వేడిగా ఉంటుందో అంత వేడి. కింద ఉన్న ఇనుప అర మాత్రం చల్లగానే ఉంది.

అప్పుడే పద్మ ఫోన్ చేసింది.

"అన్నా, బాలమణమ్మ స్కాన్ క్లౌడ్ల ఉన్నది. పొద్దున తీయంగనే ఎక్కింది. మొత్తం తెరిచి చూసిన, మంచిగుంది. కానీ శనివారం సంది ఇదొక్కటే ఉన్నదేంది? మిగిలినయి ఏమైనయ్?"

అడాప్టర్ ఇంకా నా బ్యాగులోనే ఉంది.

తర్వాత డబ్బా విప్పి చూశాం. లోపల బ్యాటరీ లేదు. దానికి పట్టే అడాప్టర్ ఆ బ్రాంచ్‌లో ఇంకోటి లేదు. ఆ గదిలోకి ఎవరూ పోలేదని రిసెప్షన్‌లో చెప్పారు. సర్వర్ నేరుగా పంపిందనుకుందామంటే, దానికి క్లౌడ్ పాస్‌వర్డే లేదు. ఇవ్వొద్దన్నది నేనే. ఆ ఒక్క స్కాన్ ఎలా పైకి వెళ్లిందో నాకు ఈరోజుకీ తెలియదు.

యజమానికి అంతా చెప్పాను. పద్మ మాటే సరైనదని, ఆ రోజు ఎవరి ముందు నవ్వానో వాళ్ల ముందే ఒప్పుకున్నాను. ఇప్పుడు ప్రతి సర్వరూ నేరుగానే పంపుతుంది. ఆగితే ఇద్దరికీ మెసేజ్ వస్తుంది. ఎల్బీనగర్‌లో ఆ మూడు రోజుల పేషెంట్లందరికీ నేనే ఫోన్ చేసి, మా దగ్గర కాపీ లేదు, మీ ఫిల్ములు జాగ్రత్త అని చెప్పి క్షమాపణ అడిగాను. కొందరు తిట్టారు. పడ్డాను.

ఆపరేషన్ బాగా జరిగి ఇంటికొచ్చాక బాలమణి గారిని చూడటానికి తుర్కయంజాల్ వెళ్లాను. నెట్ నెమ్మది అన్నది అబద్ధమని, డబ్బాకు కరెంటే లేదని, తప్పు నాదని తల్లీకొడుకులిద్దరికీ చెప్పాను. పెద్దావిడ మంచం మీది నుంచే అడిగింది, ఆ డబ్బా ఇప్పుడెక్కడుందని. తీసేశామన్నాను.

"ఎందుకు తీసేసిండ్రు బిడ్డా? కరెంటు లేకున్నా పనిచేసింది గద, పాపం."