నిలువు కమ్మీకి పోయని నీళ్లు

మా అవ్వ చెయ్యి విరగడానికి కారణం నేనేనని ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య బుక్కరాయసముద్రంలో మేం కట్టుకుంటున్న ఇంటి మెట్లకు నీళ్లు కొడుతుంటే, పచ్చి సిమెంటు నుంచి లేచిన ఆ చల్లని వాసనకు, పైపు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

గుమ్మఘట్ట దగ్గర మా ఊళ్లో, మిరపకాయలు, వడియాలు ఎండబెట్టడానికి రోజూ మిద్దె ఎక్కే అవ్వ కోసం నాయన మెట్ల పక్కన ఇనుప రెయిలింగు పెట్టించాడు. మేస్త్రీ బాబయ్య మామ గుంతలు తవ్వి, నిలువు కమ్మీలు దించి, చుట్టూ సిమెంటు దట్టించి, గోనెపట్టాలు చుట్టి నన్ను పిలిచాడు.

"బరువు మోసేది పైకమ్మీ కాదప్పా, దాని కాలు. వారం దినాలు నీళ్లు తాపు. ఆపైన ముగ్గురు ఆనుకున్నా కదిలితే నన్నడుగు."

ఆ ఏడు వాన లేదు. ట్యాంకరు కోసం వీధంతా బిందెలు వరుసకట్టేవి. అవ్వ తన స్నానం నీళ్లలోంచే ఒక బిందె మిగిల్చి కమ్మీలకని మెట్ల కింద పెట్టేది. అప్పుడే మట్టెద్దుల అమావాస్య దగ్గరపడింది. ఎండిన చెరువులోంచి పెళ్లలుగా తెచ్చిన బంకమట్టిని ఆ బిందె నీళ్లతోనే తొక్కి, మూపురాలు దిద్ది, జొన్నగింజలు కళ్లుగా గుచ్చి, ఊళ్లో ఎవరికీ లేనంత పెద్ద ఎద్దుల జత చేశాను. సాయంత్రం నాయన వచ్చే వేళకు గోనెపట్టాల మీద గుప్పెడు నీళ్లు చిలకరించేవాణ్ణి.

కొన్నాళ్లకు, మిరపకాయల చాటతో దిగుతూ అవ్వ కమ్మీని ఆనుకుంటే, సిమెంటు పిండిలా రాలి అది ఊడొచ్చింది. పడి కుడిచెయ్యి విరిగిన అవ్వ, ఆ చేత్తో మళ్లీ ముద్ద కలపలేదు.

పీర్ల పండుగ నాడు, చావిడి ముందు బెల్లం పానకం పంచుతున్న మామను నాయన అందరిలో నిలదీశాడు.

"సిమెంటు యాడ అమ్ముకున్నావురా? అంతా ఇసకే!"

మామ నావైపు తిరిగాడు. "నీళ్లు పోసినావా, లేదా?"

"పోసినా," అన్నాను, ఆయనిచ్చిన పానకం గ్లాసు చేతిలో ఉండగానే.

ఆ తర్వాత మా ఊళ్లో ఎవరూ ఆయన్ను పనికి పిలవలేదు.

మొన్న రాప్తాడులో, కొడుకు ఇంట్లో ఉంటున్న ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లి నిజం చెప్పాను.

"నాకు చెప్తే ఏమొస్తాదప్పా? మీ నాయన నన్ను తిట్టింది ఆడ. ఆడ చెప్పు."

ఈసారి పీర్ల పండుగకు ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్లాను. మట్టెద్దులు చేసే పిల్లలు లేరు, ఆ మిద్దె లేదు, అవ్వా నాయనా లేరు. ఆనాడు విన్నవాళ్లు కొందరే మిగిలారు. చావిడి మెట్టెక్కి అందరి ముందు నిలబడ్డాను.

"ఏమప్పా, ఓట్లకు నిలబడతాండావా?" అని ఎవరో నవ్వారు.

"మా అవ్వ పడింది బాబయ్య మామ పని వల్ల కాదు," అన్నాను. "నీళ్లు పోయకనే పోసినానని ఈడనే అబద్ధం చెప్పినా. మామా, తప్పు నాది. మన్నించు."