గోడమీది బుచ్చమ్మ

మన్నెవాగు స్టేషనులో రైలు ఆగి పాతికేళ్లు దాటింది. మీటరుగేజీ పట్టాలు పీకేసి, పెద్ద లైను అవతలి గుట్టల వెంట వేసుకున్నాక, నిజాం కాలపు ఆ రాతి కట్టడంలో మేకలు ఈనాయి. తొంగిచూసిన దిక్కు లేదు. చచ్చినవాడి కళ్లు చేరెడన్నట్టు, ఇప్పుడు అందరికీ దానిమీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. గోడలకు సున్నం వేసి, ఒక పాత పొగ ఇంజను తెచ్చి నల్లరంగు పూసి నిలబెట్టి, మ్యూజియం చూడ రమ్మని మహబూబ్‌నగర్ దాకా బోర్డులు పాతారు. గంటకోసారి స్పీకరులోంచి కూత వస్తుంది. బొగ్గు లేదు, నీళ్లు లేవు, కూత మాత్రం గట్టిదే.

ఆ కూత విని బెంచీ మీది జంగమ్మ చటుక్కున లేచి నిలబడింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. మనవరాలి పేరు మెర్సీ, దవాఖానలో నర్సు. ఆదివారం ప్రార్థన కాగానే ఆటో ఎక్కించి తీసుకొచ్చింది.

“ఏమైందవ్వా?”

“ఏంలేదు బిడ్డా. కూత ఇనవడితే ఉరుకుడు అలవాటు.”

ఉరికేది బొగ్గుకోసం. ఇంజను ఇక్కడ నీళ్లు పట్టుకుని, పొయ్యిలోని బూడిదను గుంతలోకి దులిపి పోయేది. అందులో సగం కాలిన బొగ్గులుండేవి. ఊరి చివరి వాడలోని ఆడవాళ్లు వాటిని ఏరి హోటలుకో, కమ్మరి కొలిమికో అమ్ముకునేవారు. జంగమ్మ తల్లి బుచ్చమ్మ అందరికంటే ముందుండేది. చల్లారేదాకా ఆగితే పక్కామె గంపలోకి పోతుంది మరి. ఒకసారి నిప్పు తొక్కి ఎడమ పాదం కాలింది. అప్పటినుంచి దానికి గుడ్డ చుట్టుకునే తిరిగింది. కాపలావాళ్లు చూస్తే గంప గుంజుకుని దొంగముండ అనేవారు. పారేసిన బూడిదకు కూడా కాపలా పెట్టిన మహానుభావులు!

జంగమ్మ పదకొండో ఏట బుచ్చమ్మ జ్వరంతో పోయింది. ఒక్క ఫొటో లేదు. పెళ్లీడు వచ్చేసరికే తల్లి ముఖం జంగమ్మకు మరుపునపడింది. కూతురు పుట్టినప్పుడు ఎవరో “మీ అమ్మ పోలికే” అంటే, అవునో కాదో తెలియక వెక్కివెక్కి ఏడ్చింది. ఆ బాధ ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుని లోపలికి పంపారు. గదినిండా పాత ఫొటోలు. మూడోదాని ముందు జంగమ్మ కాళ్లు కదల్లేదు. 1960లో తనిఖీకి వచ్చిన ఇంజనీరు టోపీ పెట్టుకుని ఇంజను పక్కన నిలబడ్డాడు. అతని వెనక, ఎడమ మూలన, గంప ఎత్తుకున్న ఒక ఆడమనిషి. పాదానికి గుడ్డ కట్టు.

“మా అమ్మ” అంది జంగమ్మ.

గడ్డం మీద పచ్చబొట్టు, కొంచెం ఎత్తు పళ్లు. ఫొటో తీసేవాడివంక కోపంగా చూస్తోంది. ముప్ఫై నిండని ఆ తల్లిని ముసలి కూతురు చూసి చూసి, తన పళ్లను నాలుకతో తడుముకుంది. పోలిక ఉంది. ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది.

“కాపీ అడుగుదామవ్వా. అడగంది అమ్మయినా పెట్టదంటరు” అంది మెర్సీ.

మేనేజరు రాంచందర్ మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇప్పించాడు, ఫొటోదాకా వచ్చాడు. జంగమ్మ అద్దం మీద వేలు పెట్టి చూపించింది.

“గీమె మా అమ్మ సారూ. బుచ్చమ్మ. గీడ ఇంజను బొగ్గు ఏరేది. కింద జర పేరు రాయిండ్రి. నాకొక కాపీ ఇయ్యిండ్రి.”

“రైల్వే బొగ్గా?”

“ఆ, ఇంజను దులిపినదే.”

రాంచందర్ అంతా కాగితం మీద రాసుకున్నాడు. “పెద్దసార్లకు పంపిస్తనమ్మా. మూడు వారాలైనంక రాండ్రి” అన్నాడు.

ఆ మూడు వారాలు జంగమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంది. ఇంట్లో ఏసుప్రభువు పటం పక్కన మేకు కొట్టించింది.

చెప్పిన రోజుకు వెళితే రాంచందర్ మాట తప్పలేదు. కాగితం చుట్టిన ఫ్రేము చేతికిచ్చి, ఎందుకో తల వంచుకున్నాడు. మెర్సీ విప్పింది. ఇంజను ఉంది, ఇంజనీరు ఉన్నాడు, టోపీ ఉంది. ఎడమ మూలన ఉత్త కంకర. మెర్సీ లోపలికి పరుగెత్తి గోడ చూసింది. గోడమీదా అదే.

“ఆమె ఏది సార్?” అంది మెర్సీ వచ్చి.

“పెద్దసార్లు తీసెయ్యమన్నరమ్మా. రైల్వే బొగ్గు ఏరేటామె పేరు గోడమీద రాస్తే దొంగతనాన్ని మెచ్చుకున్నట్టయితదట. పేరు రాయకుంటే మల్ల మీరే అడుగుతరు, లొల్లయితది. గందుకే కంప్యూటర్ల తీసేసిండ్రు.”

“పాత ఫొటో?”

“తీస్కపోయిండ్రు. యాడుందో నాకు తెల్వదు.”

మెర్సీ గొంతు లేచింది. కంప్లైంటు పెడతానంది, పేపరోళ్లను తెస్తానంది. జంగమ్మ ఫ్రేమును మేనేజరు బల్లమీద బోర్లా పెట్టి, మనవరాలి చెయ్యి పట్టుకుంది.

“ఊకో బిడ్డా. గిన్నేండ్లు ఎవ్వలు జూడకపాయె, ఆడ మంచిగనే ఉన్నది. నేనే పోయి ఏలువెట్టి సూపెట్టిన.”